చేప పెట్టే చేతికీ కట్టుబాటు ఉండాలి

పోస్ట్ కాస్త పెద్దదే. చలికాలం టూరిస్టులు మన కొండలెక్కక ముందే మాట్లాడుకోవాల్సిన విషయం, అందుకే ఓపిగ్గా చివరిదాకా చదవండి.

మొన్న ఆదివారం మా హాస్టల్ రూంలో నలుగురం ఒకే ఫోన్ చుట్టూ కూర్చుని ఒక వీడియో చూశాం. వీపున పెద్ద బ్యాగులు తగిలించుకుని ఆస్ట్రేలియా పడమటి తీరం వెంట తిరుగుతున్న కుర్రాళ్లు మంకీ మియా అనే చోట ఆగారు. పొద్దున్నే బకెట్ పట్టుకుని నీళ్లలో నిలబడితే సముద్రంలోంచి డాల్ఫిన్లు వాళ్ల కాళ్ల దగ్గరికే వచ్చేస్తున్నాయి. జీతం లేకుండా వాలంటీర్లుగా కొన్నాళ్లు అక్కడే ఉంటారట. "అదృష్టమంటే వీళ్లదిరా" అన్నాడు ఒకడు. ఇంకొకడు, "మనూరికీ వస్తారు కదరా ఇలాగే, బకెట్ బదులు చాక్లెట్ల కవర్ పట్టుకుని" అన్నాడు. ముందు నవ్వేశాం గానీ ఆ మాట మమ్మల్ని వదల్లేదు. తర్వాత ఆ చోటు గురించి దొరికిందల్లా చదివాం. చదివాక మాకు అనిపించింది ఒక్కటే: ప్రేమతో వచ్చినవాడి చేతికి కూడా ఒక కట్టుబాటు ఉండాలి, ఆ కట్టుబాటు పెట్టేటప్పుడు ఆ నేల మనుషులు ముందు వరసలో ఉండాలి.

ముందు అక్కడి సంగతి చెప్తాం. మంకీ మియా ఉన్నది షార్క్ బే అనే పెద్ద అఖాతంలో. పెర్త్ నగరం నుంచి ఉత్తరానికి దాదాపు 850 కిలోమీటర్లు. ఎర్రమట్టి, ఎండ, మధ్యలో ఊళ్లు చాలా తక్కువ. నీళ్ల అడుగున మైళ్ల కొద్దీ సముద్రపు గడ్డి, దాన్ని మేసే డ్యూగాంగులు వేల సంఖ్యలో ఉంటాయి. 1991లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

1960లలో అక్కడికి వచ్చే జాలర్లు పడవల దగ్గరికి చేరిన డాల్ఫిన్లకు చేపలు వేయడం మొదలుపెట్టారు. వాటి పిల్లలూ అలవాటు పడ్డాయి. కబురు పాకింది, జనం వచ్చారు. ఎవరికి తోచినట్టు వాళ్లు చేపలు పెట్టారు. ఎవరి మనసులోనూ చెడు లేదు. అంతా ముద్దుతోనే చేశారు.

కానీ 1980ల నుంచి అక్కడ పనిచేస్తున్న శాస్త్రవేత్తలు ఒక విషయం గమనించారు. తీరంలో చేపలు తినే తల్లుల పిల్లలు, సముద్రంలో సొంతంగా వేటాడే తల్లుల పిల్లల కన్నా ఎక్కువగా చచ్చిపోతున్నాయి. డాల్ఫిన్ పిల్ల మూడు నాలుగేళ్లు తల్లి పాలు తాగుతుంది. ఆ వయసులోనే తల్లి పక్కన తిరుగుతూ వేట నేర్చుకుంటుంది. తల్లి బకెట్ కోసం ఒడ్డున గంటలు గంటలు కాచుకుంటే పిల్లకు పాలు తగ్గుతాయి, కాపలా తగ్గుతుంది, వేట చదువూ తగ్గుతుంది. అదే షార్క్ బేలో కొన్ని తల్లి డాల్ఫిన్లు సముద్రపు స్పాంజిని మూతికి తొడుక్కుని, మూతి గీసుకుపోకుండా అడుగున ఇసుకలో చేపల్ని వెతుకుతాయి. ఆ విద్య తల్లి నుంచి పిల్లకు, ఎక్కువగా ఆడపిల్లలకు వస్తుంది. తల్లి దగ్గర తప్ప ఇంకెక్కడా దొరకని చదువు అది.

అప్పుడు వాళ్లు బకెట్ పూర్తిగా తీసేయలేదు, దానికి కట్టుబాటు పెట్టారు. 1990ల మధ్యలో రూల్స్ బిగించారు. పొద్దుటి పూట మాత్రమే పెట్టాలి. ఎంపిక చేసిన కొన్ని పెద్ద ఆడ డాల్ఫిన్లకే, అదీ రోజు తిండిలో కొద్ది భాగమే పెట్టాలి. పిల్లలకు అసలు పెట్టకూడదు, ఎవరూ ముట్టుకోకూడదు. మిగతా రోజంతా అవి సముద్రంలోకి పోయి తమ తిండి తామే వెతుక్కోవాలి. ఆ తర్వాత పిల్లలు బతకడం మెరుగైంది. అంటే ఈరోజు ఆ వాలంటీర్ అసలు పని చేప ఇవ్వడం కాదు, ఎక్కువ ఇవ్వకుండా చూడడం. వీడియోలో ఆ భాగం కనబడదు.

వీడియోలో కనబడని ఇంకో సంగతి ఉంది. ఆ నేల మల్గానా జాతిది. షార్క్ బేకి వాళ్ల భాషలో పేరు గుతర్రగుడ, అంటే రెండు నీళ్లు. వినగానే మన ఏజెన్సీలో ఏదో గుడ పేరులా ఉందని మేమంతా ఆశ్చర్యపోయాం. ఆస్ట్రేలియాలో తెల్లవాళ్లు దిగినప్పుడు ఆ నేల ఎవరిదీ కాదన్నట్టే లెక్క కట్టారు. ఆ లెక్క తప్పని అక్కడి హైకోర్టు చెప్పింది 1992లో, ఎడ్డీ మాబో వేసిన కేసులో. తీర్పు వచ్చేసరికి ఆయన చనిపోయి కొన్ని నెలలైంది. 1993లో చట్టం వచ్చింది. మల్గానా వాళ్లు 1998లో దరఖాస్తు పెట్టుకుంటే హక్కును గుర్తించింది 2018 చివర్లో. ఇరవై ఏళ్లు! ఈలోగా ప్రపంచం నలుమూలల నుంచి జనం వచ్చి, ఆ తీరంలో ఫొటోలు దిగి వెళ్లిపోయారు.

ఇప్పుడు మన సంగతికి వద్దాం. లంబసింగి, వంజంగి, మారేడుమిల్లి. చలికాలం వస్తే తెల్లారకముందే బళ్ల వరస. మబ్బుల సముద్రం చూడ్డానికి వచ్చిన వాళ్లు చిప్స్ కవర్లు, వాటర్ బాటిళ్లు వదిలి పోతారు. ఘాట్ రోడ్డులో కోతులకు బిస్కెట్లు వేస్తారు. ఆ కోతులు అడవిలో పళ్లు వెతకడం మాని బండి హారన్ కోసం రోడ్డు మీద కూర్చుంటాయి. ఇంకొందరు మన పిల్లల్ని వరసలో నిలబెట్టి చాక్లెట్లు పంచి, వీడియో తీసి, "సేవ" అని పెట్టుకుంటారు. అమ్మనీ నాన్ననీ అడగరు.

"మన పిల్లల్ని డాల్ఫిన్లతో, కోతులతో పోలుస్తారా?" అని పెద్దలు కోప్పడొచ్చు. మేం పోల్చడం లేదు. మన పిల్లలకు నోరుంది, ఊరుంది, గ్రామసభ ఉంది. మేం చెప్పేది ఇచ్చేవాడి గురించి. అడగకుండా ఇచ్చే చెయ్యి ఎదురుగా ఉన్నది ఎవరైనా ఒకేలా ప్రవర్తిస్తుంది. ఇచ్చినవాడికి తృప్తి వెంటనే దొరుకుతుంది. నష్టం మాత్రం వాడు వెళ్లిపోయాక మనకు మిగులుతుంది.

"టూరిజం వద్దంటే డబ్బులెలా వస్తాయిరా?" అని మా సీనియర్ అన్న ఒకాయన అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. కాఫీ, మిరియాల మీద ఒక్క పంట చేతికొచ్చే ఇళ్లకు, చలికాలంలో నాలుగు టెంట్ల అద్దె చిన్న విషయం కాదు. మేం కూడా వద్దనడం లేదు. మంకీ మియాలో కూడా గేటు మూయలేదు కదా. మా ప్రశ్న వేరు: రూల్ ఎవరు రాస్తారు? టెంట్ ఎవరిది, గైడ్ ఎవరు, చెత్త ఎవరు మోస్తారు? కొన్ని చోట్ల కాగితం మీద పేరు మనది, లాభం ఇంకొకరిది. 1/70 చట్టం మన భూమి గిరిజనేతరులకు పోకూడదంటుంది. 1997 సమతా తీర్పూ మన పక్షానే ఉంది. 1996 పెసా చట్టం మన వనరుల్ని, ఆచారాల్ని కాపాడుకునే అధికారం గ్రామసభకు ఇచ్చింది. మల్గానా వాళ్లు ఇరవై ఏళ్లు ఎదురుచూసిన లాంటి కాగితం మన దగ్గర ఎప్పటినుంచో ఉంది. దాన్ని బయటికి తీసి చదవడమే తక్కువ.

అందుకే సెలవులకు ఇళ్లకు వెళ్లినప్పుడు ఒక్క సాయంత్రం పెద్దలతో కూర్చుందాం. గ్రామసభలో ఈ నాలుగు మాటలు తీర్మానం చేయించే ప్రయత్నం చేద్దాం. తెచ్చిన చెత్త తెచ్చినవాళ్లే కిందికి పట్టుకెళ్లాలి. జంతువులకు తిండి వేయకూడదు. పిల్లలకు ఏమైనా ఇవ్వాలంటే బడికో ఊరి పెద్దకో ఇవ్వాలి, అడగకుండా ఫొటో తీయకూడదు. కొండ చూపించే పని, బస పెట్టే పని ఊరివాళ్లకే ముందు దక్కాలి. తెలుగులో ఒక బోర్డు రాసి ఊరి మొదట్లో పెడదాం. బోర్డు రాసే పని మా హాస్టల్ వాళ్లం తీసుకుంటాం, మాలో చేతిరాత బాగున్నవాళ్లు ఇద్దరున్నారు.

చివరగా ఒక మాట. ఆ తీరానికి వెళ్లాలని మాకూ ఉంది, దాచుకోవడం ఎందుకు? 18 నుంచి 30 ఏళ్ల మధ్య వాళ్లు అక్కడ తిరుగుతూ పనిచేసుకునే వీసా 2024లో మన దేశానికీ తెరిచారు. ఏడాదికి వెయ్యి మందికి, లాటరీ పద్ధతిలో. ఇంటర్ తర్వాత కనీసం రెండేళ్ల చదువు ఉండాలి, ఇంగ్లీష్ రావాలి, ఖర్చులకు డబ్బు చూపించాలి. డబ్బు దగ్గరే మన కథ ఆగిపోతుంది గానీ చదువు దగ్గర ఆగక్కర్లేదు. మా ఇళ్లలో డిగ్రీ మెట్టెక్కింది మేమే మొదలు, మా వెనక తమ్ముళ్లూ చెల్లెళ్లూ వస్తున్నారు.

ఎప్పుడో ఒకరోజు మనలో ఎవరో ఒకరు ఆ నీళ్లలో నిలబడతారు. అప్పుడు ముందుగా ఇది ఎవరి నేల, ఇక్కడి కట్టుబాటు ఏంటి అని అడగాలి. మన కొండకు వచ్చేవాళ్లను మనం అడగమంటున్నదీ అదే.

మీ ఊళ్లో ఇలాంటి రూల్ ఏదైనా ఇప్పటికే ఉంటే రాయండి. చూసి మేమూ నేర్చుకుంటాం. జోహార్!