కొండకర్ల ఆవకు హద్దులు వేసి, చిత్తడి నేలగా ప్రకటించాలని వినతి

అనకాపల్లి జిల్లా కలెక్టర్ గారి దివ్యసముఖమునకు,
మాకవరపాలెం మండల రైతులు, ఉపాధ్యాయులు, యువకులు సమర్పించుకుంటున్న వినతిపత్రం.

ఆర్యా,

కొండకర్ల ఆవ మా మండలంలో లేదు. అచ్యుతాపురం, మునగపాక మండలాల మధ్య ఉంది. అయినా మేం అడగక తప్పడం లేదు. రాష్ట్రంలో కొల్లేరు తర్వాత చెప్పుకునే సహజ మంచినీటి సరస్సు అది. దాన్నే కాపాడుకోలేకపోతే మా ఊళ్ల చెరువులకు దిక్కెవరన్నది మా భయం.

ముందుగా మేం కోరేది హద్దు. వేసవిలో నీరు వెనక్కి తగ్గి తేలిన నేలను చూసి కొలిస్తే ఆవ ఏటా చిక్కిపోతూనే ఉంటుంది. వానలకు నిండుగా ఉన్నప్పటి గట్టును లెక్కలోకి తీసుకుని, రెండు మండలాల సర్వేయర్లూ ఒకేసారి దిగి కొలవాలి, రాళ్లు పాతాలి. మాంటెనెగ్రో, అల్బేనియా దేశాలు పంచుకున్న స్కాడర్ సరస్సులో తమ తమ భాగాలను ఆ దేశాలు 1995లో ఒకటి, 2006లో ఒకటి అంతర్జాతీయ చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేర్పించాయి. ఇక్కడ రెండు మండలాలకూ కలెక్టరు మీరొక్కరే కాబట్టి అలా విడివిడిగా చేయాల్సిన అవసరం లేదు.

2017 నాటి కేంద్ర చిత్తడి నేలల నిబంధనల్లో ఒక మెలిక ఉంది. సాగుకో, తాగునీటికో మనుషులు తవ్వించిన చెరువులకు అవి వర్తించవు. అందుకే రికార్డుల్లో ఎక్కడైనా ఆవను సాగునీటి చెరువుగా రాసి ఉంటే సహజ సరస్సుగా సరిదిద్దించండి. ఆ నిబంధనల కింద ప్రకటన వెలువడితే ఆక్రమణలు, చెత్త పోయడం, శుద్ధి చేయని మురుగు వదలడం నిషేధం. పదేళ్ల సగటు వరద మట్టం నుంచి 50 మీటర్లలోపు పడవల రేవు తప్ప పక్కా కట్టడం లేవకూడదు. 2.25 హెక్టార్లకు మించిన చిత్తడి నేలలను క్షేత్రస్థాయిలో పరిశీలించి హద్దులు తేల్చమని 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. ఆవ విషయంలో ఆ పని ఎంతవరకు వచ్చిందో జనానికి తెలియజేయండి.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. రక్షణ పేరుతో మత్స్యకారులను ఒడ్డు నుంచి తరమవద్దు. 1999లో కొల్లేరును అభయారణ్యంగా ప్రకటించారు, 2006లో అయిదో కాంటూరు (ఎత్తు రేఖ) లోపలి చేపల చెరువులను కొట్టేశారు. జీవనోపాధి గొడవ మాత్రం ఈనాటికీ తెగలేదు. ఇక్కడ తాటి దోనెలు వేసుకుని బతికేవాళ్లకు ఆవలో ఏ మూల ఎంత లోతో, పక్షులు ఎక్కడ గూళ్లు పెడతాయో తెలుసు. హద్దులు గీసేటప్పుడు వాళ్లను పక్కన కూర్చోబెట్టుకోండి. గుర్రపుడెక్క తీసే పని వస్తే కూలి వాళ్లకే దక్కాలి. పక్షులు గూళ్లు కట్టే నెలల్లో ఆ పని ఆపాలి.

అచ్యుతాపురంలో పరిశ్రమలు పెరిగాయి కాబట్టి కాలుష్య నియంత్రణ మండలి వానలకు ముందూ తర్వాతా ఆవ నీటిని పరీక్షించి, ఫలితాలను ఒడ్డున ఉన్న పంచాయతీల్లో తెలుగులో అంటించాలి.

ఉమ్మడి సర్వే తేదీని రెండు మండలాల గ్రామసభల్లో ముందుగా ప్రకటించవలసిందిగా ప్రార్థిస్తున్నాము.

ఇట్లు,
మాకవరపాలెం మండల ప్రజలు