నెట్‌లో చూసి రాసుకురమ్మనే పెద్దమనుషులారా!

రాయ్‌పూర్‌లోని భన్‌పురిలో సముద్రం లేదు. బిలాస్‌పూర్ రోడ్డు మీద లారీలున్నాయి, ఇనుము కరిగించే ఫ్యాక్టరీలున్నాయి, ఎంత తుడిచినా మళ్లీ వాలే నల్లదుమ్ముంది. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి బతుకుదెరువుకొచ్చి ఇక్కడే పాతుకుపోయిన తెలుగు కుటుంబాలున్నాయి. వాళ్ల పిల్లలు ఇంట్లో తెలుగు, వీధిలో ఛత్తీస్‌గఢీ, బడిలో హిందీ మాట్లాడి పరీక్ష మాత్రం ఇంగ్లిషులో రాస్తారు. అలాంటి పిల్లలకు ఒక బడిలో షార్క్ మీద, అంటే సొర మీద, ప్రాజెక్టు ఇచ్చారు. దానికి రెండే షరతులు: నెట్‌లో చూసి రాసుకురావాలి, బొమ్మలు రంగుల్లో ఉండాలి.

రాసింది నిజమై ఉండాలన్న మూడో షరతు ఎవరికీ తోచలేదు. నా కోపమంతా అక్కడే.

దిద్దిన ప్రాజెక్టులు కొన్ని నా చేతికొచ్చాయి. మెగలొడాన్ అనే రాక్షస సొర మేరియానా ట్రెంచ్ అనే సముద్రపు అగాధం అడుగున ఇంకా బతికే ఉందట. సొరకు క్యాన్సర్ రాదట. ఈత ఆపితే ప్రాణం పోతుందట. గ్రీన్‌లాండ్ దగ్గర 512 ఏళ్ల సొర ఒకటి దొరికిందట. సొరల కంటే కొబ్బరికాయలే ప్రమాదమట, అవి నెత్తిన పడి ఏడాదికి 150 మంది పోతున్నారట. అన్నిటి పక్కనా ఎర్రసిరా టిక్కులే. పదికి తొమ్మిది. తగ్గిన ఆ ఒక్క మార్కూ దస్తూరీకట!

పిల్లల్ని నేనేమీ అనను. వాళ్లు చెప్పిన పని చేశారు. ఫోన్ తీసి షార్క్ అని కొడితే ముందు వచ్చిపడేది కోట్లకు వాటాలు బేరమాడే ‘షార్క్ ట్యాంక్ ఇండియా’. దాన్ని దాటితే సినిమా ముక్కలు. అదీ దాటితే గొంతు బొంగురు చేసి, ఎర్రబాణం గుర్తు పెట్టి, ‘సైంటిస్టులకే చెమటలు పట్టించిన’ అంటూ మొదలయ్యే వీడియోలు. చూసేవాడు ఎంతసేపు చూస్తే అంత డబ్బు. భయపడినవాడు ఎక్కువసేపు చూస్తాడు. ఆ దుకాణానికి పన్నెండేళ్ల పిల్లను ఒంటరిగా పంపి, ఏం తెచ్చావో చూడకుండా టిక్కు కొట్టే పెద్దలదీ తప్పు.

మెగలొడాన్ సంగతే తీసుకోండి. ఈ అబద్ధం ఎవరో ఆకతాయి పుట్టించింది కాదు. 2013 ఆగస్టులో డిస్కవరీ చానల్ తన ‘షార్క్ వీక్’కు ప్రారంభంగా ఒక కార్యక్రమం ప్రసారం చేసింది. దక్షిణాఫ్రికా తీరంలో ఒక పడవను మెగలొడాన్ ముంచేసిందన్నట్టు కెమెరా దృశ్యాలు చూపించింది. అవి కల్పితం. అందులో మాట్లాడిన సముద్రజీవ శాస్త్రవేత్తలు నటులు. కొన్ని ఘటనలు, పాత్రలు నాటకీయమన్న ముక్క చివర్లో రెప్పపాటు కాలం తెర మీద పడి మాయమైంది. 48 లక్షల మంది చూశారు. విజ్ఞానం పేరుతో దశాబ్దాల పాటు పేరు సంపాదించుకున్న సంస్థ ఆ పేరునే పెట్టుబడిగా పెట్టి అబద్ధం అమ్ముకుంది. ఆ వీడియో ముక్కలే ఇవాళ్టికీ తెలుగు, హిందీ వ్యాఖ్యానాలు తగిలించుకుని మన పిల్లల ఫోన్లలో తిరుగుతున్నాయి.

మెగలొడాన్ సుమారు 36 లక్షల ఏళ్ల క్రితమే అంతరించింది. ఆ సంగతి ఎలా తెలుసో చెప్పగలిగితే పిల్లవాడికి అది జన్మంతా గుర్తుంటుంది. సొర ఒంట్లో ఎముకలు ఉండవు, మృదులాస్థి ఉంటుంది. చచ్చాక అది కరిగిపోతుంది. ఎక్కువగా మిగిలేవి పళ్లే. ఒక్కో సొరకు జీవితకాలంలో వేల పళ్లు ఊడి, కొత్తవి వస్తాయి. మెగలొడాన్ ఇప్పటికీ బతికుంటే సముద్రం అడుగున దాని తాజా పళ్లు దొరకాలి, తిమింగలాల ఒంటి మీద దాని కాట్లు కనిపించాలి. దొరికే పళ్లన్నీ శిలాజాలే. పైగా అది వెచ్చటి నీళ్లలో తిరిగిన జంతువు. మేరియానా ట్రెంచ్ అడుగున గడ్డకట్టే చలిలో దానికి తిండేది? ఈ నాలుగు మాటలు చెప్పడానికి మాస్టారికి ఐదు నిమిషాలు పడుతుంది. ‘నెట్‌లో చూసుకో’ అనడానికి ఐదు సెకన్లు చాలు.

గ్రీన్‌లాండ్ సొర విషయం ఇంకా ఘోరం, ఎందుకంటే అక్కడ అబద్ధం నిజం కడుపులోంచే పుట్టింది. 2016లో కోపెన్‌హాగన్ విశ్వవిద్యాలయానికి చెందిన జూలియస్ నీల్సన్ బృందం ‘సైన్స్’ పత్రికలో ఒక పరిశోధన అచ్చు వేసింది. 28 ఆడ సొరల కంటి కటకాల మధ్యభాగంలో రేడియోకార్బన్ కొలిచి వయసు అంచనా కట్టారు. ఆ కటకం మధ్యభాగం తల్లి కడుపులో ఉన్నప్పుడు తయారవుతుంది, ఆ తర్వాత మారదు. అన్నిటికంటే పెద్దదైన ఐదు మీటర్ల సొరకు 392 ఏళ్లు, అటూ ఇటూ 120 అని వచ్చింది. అంటే 272 నుంచి 512 మధ్య ఎంతైనా కావచ్చు. శాస్త్రవేత్తలు నిజాయితీగా ఆ రెండు అంచులూ చెప్పారు. మరుసటి ఏడాది నెట్టు ఏం చేసింది? కింది అంచును పారేసింది, నడిమి అంకెను పారేసింది, పై అంచును పట్టుకుని 1505లో పుట్టిన సొర దొరికిందని చాటింపు వేసింది. 1505! శ్రీకృష్ణదేవరాయలు ఇంకా గద్దె ఎక్కలేదు.

ఇక్కడ పిల్లలకు దొరికేది సొర గురించిన పాఠం ఒక్కటే కాదు. అంచనాకు అంచులుంటాయని, ఆ అంచుల్ని దాచినవాడిని నమ్మకూడదని ఒక్కసారి అర్థమైతే ఎన్నికల సర్వేను కూడా అదే కంటితో చూస్తారు. అందుకే ఆ పాఠం బడిలో దొరకదేమో. (ఇది నా అనుమానం మాత్రమే, దీనికి ఆధారం అడక్కండి.)

కొబ్బరికాయ కథ సొరల మీద ప్రేమ ఉన్నవాళ్లు ఊరేగిస్తున్న అబద్ధం. పీటర్ బార్స్ అనే వైద్యుడు పపువా న్యూగినీ ఆసుపత్రిలో తాను చూసిన కొబ్బరికాయ దెబ్బల మీద 1984లో ఒక వ్యాసం రాశాడు. దానికి 2001లో నవ్వులాట నోబెల్ కూడా ఇచ్చారు. అందులో ప్రపంచం మొత్తానికి ఏడాదికి 150 చావులన్న లెక్క లేనే లేదు. ఎవరో అన్నారు, ఇంకెవరో మోశారు. సొరను కాపాడాలన్న మంచి బుద్ధితో చెప్పినా దొంగలెక్క దొంగలెక్కే. అసలు లెక్క చేతిలో ఉండగా దొంగది ఎందుకు? ఫ్లోరిడా విశ్వవిద్యాలయం మ్యూజియం వాళ్లు ప్రపంచంలో తమకు తెలిసివచ్చిన ప్రతి సొరకాటునూ విచారించి నమోదు చేస్తారు. మనిషి తనంతట తాను సొరను కెలికిన ఘటనలను వేరుగా తీసేస్తారు. 2024లో రెచ్చగొట్టకుండా జరిగినవి 47, అందులో ప్రాణం పోయినవి 4. మరి మనిషి చంపే సొరలెన్ని? 2024లోనే ‘సైన్స్’లో వచ్చిన అంచనా ప్రకారం ఏడాదికి సుమారు 8 కోట్లు. ఈ రెండు అంకెల పక్కన కొబ్బరికాయకు ఏం పని?

అన్నీ యూట్యూబు నెత్తినే రుద్దితే మనవాళ్లకు సుఖంగా ఉంటుంది. ఆ సుఖం కూడా ఇవ్వను. 11వ తరగతి ఎన్‌సీఈఆర్‌టీ జీవశాస్త్రం తీయండి. మృదులాస్థి చేపలకు గాలితిత్తి లేదు కనుక మునిగిపోకుండా ఉండాలంటే అవి ఎడతెగకుండా ఈదాలన్న అర్థంలో ఒక వాక్యం ఉంటుంది. నీట్ రాసే ప్రతి పిల్లా దాన్ని కంఠతా పడుతుంది. పెద్ద సొరల్లో చాలావాటికి ఆ మాట కొంత వర్తిస్తుంది. అయితే మన బంగాళాఖాతం తీరంలోనే దొరికే బ్యాంబూ షార్కులు పగలంతా రాళ్ల మధ్య, ఇసుక మీద కదలకుండా పడుకుంటాయి. నోటి కండరాలతో నీళ్లు తోడుకుని మొప్పల మీదుగా పంపుకుంటాయి. ఇక తేలడానికి సొరలకు నూనె నిండిన పెద్ద కాలేయం సాయపడుతుంది. ‘ఆగితే చస్తుంది’ అని రాసిన పిల్లవాడు నెట్‌లో దారి తప్పాడా, పాఠ్యపుస్తకంలోనే తప్పాడా? అచ్చయిన పుస్తకం కాబట్టి నమ్మొచ్చు, నెట్టు కాబట్టి నమ్మకూడదు అనే పాతకాలపు సలహా కూడా ఇక్కడ చెల్లదు.

‘సముద్రం లేని రాయ్‌పూర్ పిల్లలకు సొరల గురించి ఇంత లోతు ఎందుకండీ’ అని ఒకాయన నన్ను అడిగాడు. లక్నోకు సముద్రం ఉందా? లక్నోలో పాఠాలు చెప్పిన ఇవాంజెలిన్ తిల్లయంపలం అనే ఆమె మన సముద్రాల మామూలు సొర స్కోలియోడాన్ మీద 1928లో ఒక గ్రంథం రాశారు. దేశంలో జువాలజీ చదివిన తరాలకు తరాలు ఆ చేపను కోసి నేర్చుకున్నాయి. రాయ్‌పూర్ నుంచి విశాఖకు రైలుంది. ఇప్పుడు రాయ్‌పూర్–విశాఖ మధ్య 464 కిలోమీటర్ల ఎక్స్‌ప్రెస్‌వే కూడా వేస్తున్నారు. ఇనుము పోవడానికి దారి వేసినవాళ్లకు చదువు రావడానికి దారి కనపడదా?

ఆ విశాఖలో ఏముందో చెబుతాను, వినండి. ప్యాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లండు వైద్యుడు 1780లలో విశాఖపట్నంలో ఉండి, రేవులో జాలర్లు తెచ్చిన చేపలను ఒక్కొక్కటిగా బొమ్మలు గీయించి, వర్ణించి, 1803లో లండన్‌లో రెండు సంపుటాలుగా అచ్చు వేయించాడు. మొత్తం రెండు వందల చేపలు. జాలర్లు ఏ పేరుతో పిలిచారో ఆ పేర్లే రాసుకున్నాడు. మన తీరంలో దొరికే పాల సొర కూడా అందులో ఉంది. అంటే రెండు శతాబ్దాల కిందటే మన సొరల మీద ఎవరు చూశారు, ఎక్కడ చూశారు, ఎవరిని అడిగారు అన్న వివరాలతో సహా నమ్మదగిన సమాచారం తయారైంది. దాని తొలి సాక్షులు తెలుగు జాలర్లు. ఇవాళ అదే ఊళ్లో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థకు ప్రాంతీయ కేంద్రం ఉంది. రేవుకు ఏ జాతి సొర వచ్చిందో, ఎంత పొడుగుందో లెక్కపెట్టేవాళ్లు అక్కడ ఉన్నారు. ఆ సంస్థ నివేదికలు నెట్‌లో ఎవరికైనా ఉచితమే. మరి షార్క్ అని కొట్టిన పిల్లకు అవి ఎందుకు తగలవు? చాలావరకు ఇంగ్లిషులో, శాస్త్రవేత్త శాస్త్రవేత్త కోసం రాసిన భాషలో ఉన్నాయి గనుక. 2021 డిసెంబరులో విశాఖ దగ్గర తంతడి తీరాన వలలో చిక్కిన తిమింగల సొరను జాలర్లూ అటవీశాఖవాళ్లూ కలిసి తిరిగి సముద్రంలోకి పంపారు. చేపల్లోకెల్లా అతి పెద్దది, పళ్లున్నా కొరకనిది, నీళ్లు వడగట్టుకుని నలుసంత జీవాల్ని తినేది, 2001 నుంచి వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నది. ప్రాజెక్టుకు ఇంతకంటే ఏం కావాలి? నేను చూసిన ఒక్క ప్రాజెక్టులోనూ అది లేదు. హాలీవుడ్ సొర అన్నిట్లోనూ ఉంది.

రేపు ఎవడో మన రాయ్‌పూర్ పక్కన పారే ఖారూన్ నదిలో సొర కనిపించిందని వీడియో పెడతాడు. పెట్టకపోతే ఆశ్చర్యపోవాలి. ఏ దేశంలో తుఫాను వచ్చినా వరదనీటి రోడ్డు మీద సొర ఈదుతున్న ఫొటో ఒకటి 2011 నుంచీ తిరుగుతూనే ఉంది, అది అతికించిన బొమ్మ. అలాగని ప్రతిదాన్నీ కొట్టిపారేయడమూ చదువు కాదు. 2022లో ఫ్లోరిడాలోని ఫోర్ట్ మయర్స్‌లో వరద నిండిన పెరట్లో సొరలాంటి చేప ఈదిన వీడియోను ఎగతాళి చేశారు, ఆరా తీస్తే అది నిజంగా తీసిందేనని తేలింది. ఖారూన్ మాటేమిటి? బుల్ షార్క్ మంచినీళ్లలోకి వస్తుంది, 1937లో మిసిసిపీ నది వెంట ఇల్లినాయ్‌లోని ఆల్టన్ దాకా ఎక్కివచ్చింది. కాబట్టి నదిలో సొర అసంభవమేమీ కాదు. కానీ ఖారూన్ శివనాథ్‌లో, శివనాథ్ మహానదిలో కలుస్తాయి, మహానదికి అడ్డంగా 1957 నుంచి హీరాకుడ్ ఆనకట్ట ఉంది. దాన్ని దాటి ఎలా వచ్చిందో చెప్పమని ఆ వీడియోవాణ్ణి అడగాలి. పటం ముందు పెట్టుకుని పది నిమిషాలు ఆలోచించిన పిల్లకు ఆ ప్రశ్న దానంతటదే తడుతుంది. బడి నేర్పాల్సింది ఆ పది నిమిషాల ఆలోచన.

నాకు నిద్రపట్టనివ్వని సంగతి ఇంకొకటుంది. ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన ఇళ్లలో బాలింతకు పాల సొర పుట్టు పెడతారు, పాలు పడతాయని. ఊరి నుంచి ఎవరైనా వస్తే ఎండుసొర మూటలో వస్తుంది. ఇంకోపక్క అమెరికా ఆహార, ఔషధ సంస్థ గర్భిణులు, పాలిచ్చే తల్లులు సొరను అసలు తినొద్దంటుంది. కారణం పాదరసం. చిన్న చేపను పెద్ద చేప తింటూ పోయేకొద్దీ అది మెట్టుమెట్టునా పోగుపడి, పైనున్న సొర కండలో ఎక్కువగా చేరుతుంది, తల్లి నుంచి బిడ్డకు చేరి మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. అక్కడివాళ్లు తినే పెద్ద సొరలకూ మన మూరెడు పాల సొరకూ తేడా ఉండొచ్చు. ఆ తేడా ఎంతో కొలిచి చెప్పాల్సింది అమ్మమ్మలు కాదు, వీడియోలవాళ్లు అంతకన్నా కాదు.

కాబట్టి మాస్టారూ, ఈసారి ప్రాజెక్టు ఇచ్చేటప్పుడు రంగుల బొమ్మలు మానేయండి. ప్రతి వాక్యం పక్కన ఆ సంగతి ఎవరు చూశారో, ఏ ఏడాది, ఎక్కడ చూశారో రాయమనండి. రాయలేని వాక్యాన్ని కొట్టేయండి. పేజీ ఖాళీగా మిగిలినా సరే, మార్కులు వేయండి. విశాఖ తీరంలో మా పన్నులతో నడుస్తున్న సంస్థల పెద్దలూ, విశాఖ రేవులో అమ్మే పాల సొరలో పాదరసం ఎంత ఉంది? బాలింత ఎంత తినొచ్చు, ఎన్నాళ్లకోసారి తినొచ్చు? ఒక్క పేజీలో, తెలుగులో, కింద మీ సంతకంతో రాసి పెట్టండి. భన్‌పురిలో ఇంటింటికీ తిరిగి నేను పంచుతాను.