రివైండరు కొనాలా, వద్దా?

మంచిర్యాల నుంచి ఒక పాఠకుడు ఉత్తరం రాశాడు. వాళ్ళ బాపు 2003లో హ్యాండీక్యామ్ కొని, ఏటా దీపావళి రోజుల్లో ఆదిలాబాద్ గోండు గూడేలకు పోయి దండారీ ఆటలు, గుస్సాడీ నాట్యాలు పట్టుకొచ్చేవాడట. ఆ బాపు ఇప్పుడు లేడు. మిగిలినవి నలభై మినీ డీవీ టేపులు, ఒకే ఒక్క కెమెరా. "దాంతోనే వెనక్కి తిప్పితే అరిగిపోతదేమో, విడిగా రివైండరు కొనాల్నా అన్నా?" అని ప్రశ్న.

సినిమా పత్రికలో ఈ టేపుల గోలేమిటంటారా? విడి రివైండరు పుట్టిల్లు సినిమా హాలే గదండీ!

మా మేనమామ కరీంనగర్‌లో ఒక టాకీసులో ఆపరేటరు. 1980ల మొదట్లో సెలవులొస్తే నా మకాం ప్రొజెక్షన్ గదిలోనే. వెయ్యడుగుల రీలు తెర మీద పదకొండు నిమిషాలే ఆడుతుంది. అయిపోయిన రీలును ప్రొజెక్టరులో వెనక్కి తిప్పరు. పక్కన బల్ల మీద చేత్తో తిప్పే రివైండరు ఉంటుంది. నేను ఉత్సాహం కొద్దీ గిరగిరా తిప్పుతుంటే మామ నెత్తి మీద ఒకటి మొట్టేవాడు. "మెల్లగ రా అల్లుడా! అంచు మీద ఏలు పెట్టు. ఎక్కడ చిరిగిందో, ఎక్కడ అతుకు ఊడిందో ఏలే చెప్తది. చివరి చుట్టు వస్తుందంటే చెయ్యి ముందుగాల్నే ఆగాలె."

ఆ మాట విలువ నాకు చాలా ఆలస్యంగా తెలిసింది సుమా!

1982 ఏషియన్ గేమ్స్‌తో రంగుల టీవీ వచ్చింది. వెంటే వీసీఆర్‌లు, వీధికొక వీడియో షాపు. అద్దెకు పోయిన క్యాసెట్లు తిప్పకుండానే తిరిగొచ్చేవి గనుక షాపు వాళ్ళకు విడి రివైండరు అవసరమే. కారు బొమ్మలాంటి రివైండర్లు ఇళ్ళల్లోకీ వచ్చాయి. నేనూ ఒకటి కొన్నాను.

1991లో మా అక్క పెండ్లి. రెండో క్యాసెట్టు మొదట్లోనే అప్పగింతలు. మా నాయన బావ చేతిలో అక్క చెయ్యి పెట్టి, గొంతు పూడుకుపోతుంటే నాలుగు మాటలు చెప్పాడు. నాయన పోయిన ఏడాదికి ఆ క్యాసెట్టు చూద్దామని రివైండరులో పడేశాను. జుయ్‌మంటూ తిరిగి తిరిగి, చివర్లో టప్పుమంది!

సంగతేమిటంటే, వీహెచ్‌ఎస్ టేపుకు రెండు చివరలా పారదర్శకమైన ముక్క ఉంటుంది. వీసీఆర్‌లో ఒక చిన్న దీపం వెలుగు ఆ ముక్క గుండా దూరగానే మోటారు ఆగుతుంది. చవక రివైండరుకు ఆ కన్ను ఉండదు. టేపు బిగుసుకుని లాగినప్పుడే అది ఆగేది. అలా లాగి ఆ ముక్కను ఇరుసు నుంచి పీకేసింది.

అంతవరకైతే బొమ్మకేం కాలేదు. తెలిసినవాడికిస్తే బాగయ్యేది. నేనేమో తొందరపడి అయిదు మరలూ విప్పి, ఏదో అతికించి మూశాను. టేపు వంకరగా కూర్చుని మొదటి చుట్లన్నీ పై అంచు మడతపడ్డాయి. ఆ అంచు మీదే కదా మాట ఉండేది! ఇప్పుడు మా నాయన పెదవులు కదులుతాయి. మాట వినపడదు.

కాబట్టి తమ్ముడూ, రివైండరు కొనకు. మినీ డీవీ కెమెరా కూడా చివరి పారదర్శకపు ముక్కను గుర్తుపట్టి ఆగుతుంది. ఇక అరుగుదల అంటావా, హెడ్డు ముఖ్యంగా అరిగేది బొమ్మ ఆడేటప్పుడు. నిమిషానికి 9000 చుట్లు తిరిగే డ్రమ్ముకు టేపు ఒరుసుకుంటుంది గనుక. గంట టేపును ఊరికే వెనక్కి తిప్పడం కొద్ది నిమిషాల పని. బొమ్మ చూస్తూ ముందుకూ వెనక్కూ పరుగెత్తించే అలవాటుంటే మాత్రం ఈరోజే మానెయ్!

అయినా మనసు ఒప్పకపోతే, హెడ్డు పాడై మోటారు బాగున్న పాత కెమెరా ఒకటి సంపాదించి, దాన్నే రివైండరుగా వాడు. ముందు పనికిరాని టేపుతో పరీక్షించు. టేపు మీద తెల్లటి బూజు కనపడితే ఏ కెమెరాలోనూ పెట్టకు, తెలిసినవాడికి చూపించు. బాగున్న టేపు మీట 'సేవ్' వైపు జరిపి, చివరిదాకా ముందుకు ఒకసారి, మొదటిదాకా వెనక్కి ఒకసారి తిప్పు. చుట్టు సర్దుకుంటుంది. ఆ తర్వాత ఒక్కసారి ఆడించు. ఆ ఒక్కసారిలోనే ఫైర్‌వైర్ తీగతో కంప్యూటర్లోకి ఎక్కించు. రెండు చోట్ల దాచు.

ఆలస్యం వద్దు. ప్రపంచంలో చివరిదాకా వీసీఆర్‌లు చేసిన ఫునాయ్ కంపెనీ 2016 జులైలో ఆపేసింది. నీ కెమెరా లాంటివీ కొత్తవి దొరకవు. మనుషులూ అంతే. గుస్సాడీకి 2021లో పద్మశ్రీ తెచ్చిన మార్లవాయి కనకరాజు గారు 2024లో కన్నుమూశారు. మీ బాపు టేపుల్లో ఆడిన పెద్దలు ఎందరున్నారో, ఎందరు లేరో! ఎక్కించాక ఆ గూడేలకూ ఒక ప్రతి పంపు. వాళ్ళ తాతలను వాళ్ళ పిల్లలు చూసుకుంటారు.

టేపు వెనక్కి తిప్పేటప్పుడు మా మామ మాట గుర్తుంచుకో. చెయ్యి ముందుగాల్నే ఆగాలె.