మన ఆరోగ్యం: పొద్దున్నే బిగుసుకునే వేళ్ళు

పొద్దున్న లేవగానే వేళ్ళు ముడుచుకోవు. తడిబట్ట పిండలేరు, ఆవకాయ జాడీ మూత తీయలేరు. పదిగంటలయ్యేసరికి చెయ్యి కాస్త దారికొస్తుంది. "వాతమేలే, ఠాకురాణి యాత్ర కానివ్వండి, తరువాత చూపించుకుందాం" అంటారు మన బరంపురం ఇళ్ళలో అమ్మలు, అత్తయ్యలు. యాత్ర అయ్యాక పెళ్ళిళ్ళు, పెళ్ళిళ్ళయ్యాక పిల్లల పరీక్షలు. ఈలోగా ఏడాది గడిచిపోతుంది. చికిత్సకు అసలైన అదను ఆ ఏడాదిలోనే ఉంది.

రెండు చేతుల వేళ్ళ కణుపులు, మణికట్లు వాచి, పొద్దుటి బిగువు అరగంటకు మించి ఉండి, కొన్ని వారాలపాటు ఇలాగే సాగితే అది వయసుతో వచ్చే కీళ్ళ అరుగుదల కాకపోవచ్చు. రుమటాయిడ్ ఆర్థరైటిస్ కావచ్చు. శరీరాన్ని కాపాడవలసిన రక్షణశక్తే పొరబడి కీళ్ళ లోపలి పొర మీద దాడి చేయడమే ఈ జబ్బు. మగవారికంటే ఆడవారిలో రెండు మూడు రెట్లు ఎక్కువ. ముప్ఫై ఏళ్ళకే రావచ్చు.

నొప్పి మాత్ర నొప్పిని తగ్గిస్తుందే గాని, లోపల ఎముక తినుకుపోవడాన్ని ఆపదు. వంకర తిరిగిపోయిన వేలిని ఏ మాత్రా మళ్ళీ తిన్నగా చేయలేదు. వాపు మొదలైన మూడు నెలల్లోపు జబ్బును అదుపుచేసే మందు మొదలుపెడితే చాలామందిలో కీళ్ళు నిలుస్తాయి.

అలాంటి మందుల్లో ముందు చెప్పుకోవలసింది మెథోట్రెక్సేట్. 1895లో భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ సంస్థలో నడిపిన పరిశోధనల ఫలమిది. మొదట క్యాన్సరుకు వాడారు. 1988లో అమెరికాలో ఈ జబ్బుకూ అనుమతి లభించింది. ఒక్క మాట మరువకండి: కీళ్ళవాతానికి దీన్ని వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. పొరబాటున రోజూ వేసుకుంటే ప్రాణాపాయం. డాక్టరు చెప్పినప్పుడల్లా రక్తపరీక్షలు చేయించుకోవాలి. గర్భిణులు వాడరాదు, బిడ్డ కావాలనుకునేవారు ముందుగానే డాక్టరుకు చెప్పాలి.

బరంపురంలో 1962 నుంచి ఎం.కె.సి.జి. వైద్య కళాశాల ఉంది. అస్కా, ఛత్రపురం వారికీ అది మరీ దూరం కాదు. రుమటాయిడ్ ఫ్యాక్టర్ పరీక్షలో ఏమీ లేదని వచ్చినా, వాపు ఉంటే ఊరుకోకండి. కొందరిలో ఆ పరీక్షకు అందకుండానే జబ్బు ఉంటుంది.

అప్పడాలు ఒత్తినా, పట్టు నేసినా, పిల్లలకు జడలు వేసినా ఆ వేళ్ళతోనే కదా. రేపు పొద్దున్న మీకు కాఫీ అందించే చేతిని ఒకసారి పట్టి చూడండి. కణుపులు వాచి ఉంటే యాత్ర దాకా ఆగకండి.