గెలిచినవాళ్లను ఆడనివ్వండి

13 ఆటలాడి 13 గెలిచిన జట్టును ఇంటికి పొమ్మన్నారు. 2023 డిసెంబర్‌లో, అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో జరిగిన సంగతి. అప్పట్లో ఛాంపియన్‌ను తేల్చే ప్లేఆఫ్‌కు వెళ్లేవి నాలుగే జట్లు. ఓటమే ఎరగని ఫ్లోరిడా స్టేట్‌ను ఎంపిక కమిటీ 5వ స్థానంలో పెట్టి, ఒక ఆట ఓడిన అలబామాను 4వ స్థానంలో లోపలికి పిలిచింది. నవంబర్‌లో ఫ్లోరిడా స్టేట్ ఆటను నడిపించే క్వార్టర్‌బ్యాక్ జోర్డన్ ట్రావిస్ కాలికి పెద్ద దెబ్బ తగిలింది. అతను లేకుండా ఈ జట్టు నిలబడలేదని కమిటీ అంచనా. అతను లేకుండానే అది ఫ్లోరిడా యూనివర్సిటీని, లూయీవిల్‌ను ఓడించిందన్నది వేరే విషయం. ఎంసెట్‌లో ర్యాంకు తెచ్చుకున్న పిల్లాడికి తర్వాత జబ్బు చేసిందని సీటు పక్కవాడికి ఇచ్చేస్తే మనం ఊరుకుంటామా?

ఆ రోజు మా ఇంట్లో మాత్రం పండగే. మా అమ్మాయి చదివే టెక్సస్ యూనివర్సిటీకి 3వ స్థానం దక్కింది. డాలస్ పక్కన ఫ్రిస్కోలో మా చుట్టుపక్కల తెలుగువాళ్లు చాలామందే. వచ్చిన కొత్తలో ఈ ఆట మాకు తలకెక్కేది కాదు. పిల్లలు కాలేజీల్లో చేరాక శనివారాలన్నీ దీనికే పోతున్నాయి. “పాపం, ఫ్లోరిడా స్టేట్ వాళ్లకు అన్యాయం జరిగింది” అన్నాను. “నాన్నా, అసలు నువ్వు ఎవరి వైపు?” అంది అమ్మాయి.

130కి పైగా కాలేజీలు, ఒక్కోదానికి రెగ్యులర్ సీజన్‌లో 12 ఆటలే. అందరూ అందరితో ఆడే వీల్లేదు కాబట్టి ఎవరో ఒకరు కూర్చుని తూచక తప్పదు. నా గొడవ కమిటీతో కాదు, దాని నియమాల్లోని ఒక్క మాటతో. ముఖ్యమైన ఆటగాడు దూరమైతే ముందుముందు జట్టు ఎలా ఆడుతుందన్నది కూడా లెక్కలోకి తీసుకోవచ్చట! జరిగినదాన్ని తూచమనండి చాలు.

ఆ ఏడాది ప్లేఆఫ్ బయట జరిగిన ఆరెంజ్ బౌల్ ఆటలో ఫ్లోరిడా స్టేట్ జార్జియా చేతిలో 63-3తో చిత్తయింది కదా అంటారు. ప్లేఆఫ్ చేజారాక ఆ జట్టులో ముఖ్యమైనవాళ్లు చాలామంది ఆ ఆటే ఆడలేదు. ఆ స్కోరుతో ఏం రుజువవుతుంది?

ఇప్పుడు ప్లేఆఫ్‌లో 12 జట్లు. గొడవ తగ్గిందా? 2025లో మొదటి ఆటలోనే మయామీ 27-24తో నోటర్‌డామ్‌ను ఓడించింది. చివరికి రెండూ 10 గెలిచి 2 ఓడాయి. అయినా కమిటీ వారం వారం నోటర్‌డామ్‌నే పైన పెడుతూ వచ్చి, రెండూ ఆడని ఆఖరి వారంలో మయామీని పైకెక్కించి లోపలికి పిలిచింది, నోటర్‌డామ్ బయటే ఉండిపోయింది. ఫలితం సరైనదే, వచ్చిన దారే బాగాలేదు. నోటర్‌డామ్ అలిగి వేరే బౌల్ ఆట కూడా ఆడనంది. ఆ తర్వాత మయామీ ఫైనల్ దాకా వెళ్లింది, కానీ దాన్ని నా వాదనకు వాడుకోను. 63-3ను ఒప్పుకోనివాణ్ణి దీన్ని మాత్రం ఎలా వాడతాను?

16కు పెంచుదామని కొందరు, 24కు పెంచుదామని కొందరు అంటున్నారు. పెంచితే ఏడ్చే జట్టు మారుతుంది, అంతే. సమాన రికార్డున్న రెండు జట్లు అప్పటికే తలపడి ఉంటే గెలిచినదే పైన అని సీజన్‌కు ముందే రాసిపెట్టాలి. గాయాల ఊసు నియమాల్లోంచి కొట్టేయాలి. నవంబర్‌లో మంగళవారం మంగళవారం టీవీలో చదివే ఆ ర్యాంకులు కూడా ఆపేస్తే మంచిది. వాటివల్ల బాగుపడేది టీవీవాళ్లే.