పెట్టె ఖాళీ అయినా పరిమళమే!

అమలాపురంలోనో రాజోలులోనో ఏదైనా కిరాణా కొట్టుకెళ్లి సబ్బుల అర వంక ఓసారి చూడండి. రోజుకో పేరూ పూటకో రంగూ మార్చుకునే కొత్త సబ్బుల మధ్య, తనకేమీ పట్టనట్టు కూర్చుని ఉంటుంది మైసూర్ శాండల్. వందేళ్లు దాటిన సబ్బు. అయినా దాని గిరాకీ దానిదే!

కోనసీమలో చాలా ఇళ్లలో దీనికో హోదా ఉంది. రోజూ ఏ సబ్బు వాడినా, సంక్రాంతికొచ్చిన కొత్తల్లుడు స్నానానికి లేచాడంటే కొత్త తువ్వాలుతోపాటు విప్పని శాండల్ సబ్బు పెట్టాల్సిందే. సబ్బు అరిగిపోయినా దాని అట్టపెట్టెను మాత్రం పారేయరు. బీరువాలో పట్టుచీరల మధ్య దూరుస్తారు. గోదావరి పాయలూ సముద్రమూ చుట్టుముట్టిన ఈ తేమగాలికి చీరలు ముక్కవాసన రాకుండా ఉండాలి కదా మరి!

ఇంతకీ ఈ సబ్బు పుట్టింది యుద్ధం పుణ్యమా అని. మొదటి ప్రపంచయుద్ధంతో ఐరోపాకు ఎగుమతులు ఆగిపోయి, మైసూరు గంధపుచెక్క కొనే నాథుడు లేక గుట్టలు పడింది. మహారాజు నాల్వడి కృష్ణరాజ ఒడెయరు, దివాను మోక్షగుండం విశ్వేశ్వరయ్య (ఇంటిపేరు చూశారుగా, పూర్వీకులది తెలుగు పల్లె!) 1916లో మైసూరులో గంధంనూనె ఫ్యాక్టరీ పెట్టించారు. సబ్బు తయారీ నేర్చుకురమ్మని ఎస్.జి.శాస్త్రి అనే రసాయన శాస్త్రవేత్తను ఇంగ్లండు పంపారు. 1918కల్లా సబ్బు వచ్చేసింది. సబ్బులు పలకల్లా ఉండే ఆ రోజుల్లో శాస్త్రి దీన్ని కోలగా చేయించి, నగలపెట్టెలాంటి పెట్టెలో పెట్టించారు. పైన ఏనుగు తల, సింహం ఒళ్లు ఉన్న శరభం బొమ్మ. ఆనాటి తెలివే ఇప్పటికీ అన్నం పెడుతోంది.

2006లో దీనికి భౌగోళిక గుర్తింపూ దక్కింది. 2025లో కర్ణాటక ప్రభుత్వ సంస్థ తమన్నాను ప్రచారకర్తగా పెట్టుకుంటే, కన్నడ తారలే దొరకలేదా అంటూ పెద్ద గొడవే అయింది. బయటి రాష్ట్రాల్లో అమ్మకాలు పెంచడానికేనన్నది మంత్రి సమాధానం. కోనసీమ అత్తగార్లకైతే ఏ తారా వచ్చి చెప్పక్కర్లేదు!

అసలు చిక్కల్లా చెట్టుతోనే. గంధపుచెట్టు నూనె ఊరేంత చేవ పట్టాలంటే పదిహేను, ఇరవై ఏళ్లయినా ఆగాలి. మైసూరులో టిప్పు కాలం నుంచీ అది సర్కారు సొత్తు. పెరట్లో మొలిచినా మనది కాదు. దాంతో పెంచేవాళ్లు కరవై, దొంగచాటుగా నరికేవాళ్లే మిగిలారు. చివరికి 2001లో కర్ణాటక చట్టం మార్చి, చెట్టు మీద హక్కు భూమి ఉన్న రైతుకే ఇచ్చింది. అప్పుడు పొలాల్లో నాటిన మొక్కలు ఇప్పుడిప్పుడే చేవకొస్తున్నాయి.