‘ఎందుకంటే’ లేని హిసాబ్



మా అబ్బాజాన్‌కి చిన్న కిరాణా దుకాణం ఉండేది. ఇషా నమాజ్ అయ్యాక షట్టర్ సగం దించి, గల్లాపెట్టె ముందు కూర్చుని ఆ రోజు హిసాబ్ రాసుకునేవారు. ఎంత అమ్మారు, ఎంత ఉద్దెర ఇచ్చారు, హోల్‌సేల్ సేఠ్‌కి ఎంత బాకీ, అన్నీ. ఐదు రూపాయలు తేడా వచ్చినా అది తేలేదాకా ఇంటికి వచ్చేవారు కాదు. దస్తర్‌ఖాన్ పరిచి అమ్మీ ఎదురుచూస్తుండేది. ‘ఐదు రూపాయలే కదా’ అని నేనంటే, ‘ఈరోజు ఐదు ఎక్కడ పోయాయో చూసుకోకపోతే, నెలాఖరుకి ఎంత పోయిందో కూడా తెలీదు బేటా’ అనేవారు.

ఆ దుకాణం ఇప్పుడు నేను చూస్తున్నాను. రాత్రిపూట హిసాబ్ అలవాటు నాకూ వచ్చింది. కానీ అది సరుకుల హిసాబే. నా నోటి హిసాబ్ నేను ఏనాడూ రాయలేదు.

ఒక రాత్రి ఇంటికొచ్చి గుమ్మం దగ్గర చెప్పులు విడుస్తున్నాను. లోపల మా అమ్మాయి వాళ్ల అమ్మీని మెల్లగా అడుగుతోంది: ‘అబ్బా గుస్సే మే హై క్యా? ఇప్పుడు చెప్పనా, రేపు చెప్పనా?’ అంత ఆలోచించి చెప్పాల్సిన సంగతేమిటంటే, స్కూల్ పిక్నిక్ కాగితం మీద నా సంతకం కావాలి. అంతే.

బజారులో నాకు నరమ్ మిజాజ్ మనిషినని పేరు. గిరాకీతో గొంతు పెంచను. మొహల్లాలో ఇద్దరికి ఝగడా అయితే నన్ను పిలుస్తారు. ఆ నేనే ఇంటికి వస్తే, నా కూతురు నా మొహం చూసి గానీ నోరు విప్పడం లేదు. నిజం చెప్పాలంటే, ఆ క్షణంలో నాకు సిగ్గు కంటే ముందు గుస్సానే వచ్చింది. ‘నేనేం అన్నానని ఇంత భయం?’ అనుకున్నాను. ఆ సవాల్‌కి జవాబు నా దగ్గరే ఉండాలి కదా. వెతికితే దొరకలేదు. ఎందుకంటే ఎప్పుడూ రాసిపెట్టుకోలేదు.

మన దీన్‌లో దీనికి ఒక మాట ఉంది: ముహాసబా. హిసాబ్ అనే మాట ఏ మూలం నుంచి వచ్చిందో, ఇదీ అక్కడి నుంచే వచ్చింది. రేపటి కోసం ఏం పంపుకున్నావో చూసుకోమని సూరా హష్ర్ ప్రతి మనిషికీ చెబుతుంది. తనను తాను మలామత్ చేసుకునే నఫ్స్, అంటే నఫ్సె లవ్వామా, ప్రస్తావన సూరా ఖియామహ్ మొదట్లోనే వస్తుంది. ఇమామ్ గజాలీ రహ్మతుల్లాహ్ అలైహ్ తన ‘ఇహ్యా’లో దీన్ని తిజారత్ మిసాల్‌తోనే వివరించారు. నఫ్స్‌ని వ్యాపారంలో షరీక్‌గా అనుకోండి. పొద్దున దానితో షరతు పెట్టుకోవాలి, పగలంతా దాని మీద నిఘా ఉంచాలి, రాత్రికి కూర్చుని లెక్క అడగాలి.

ఆయన పుస్తకంలో రాసి వదిలేయలేదు. 1095లో ఆయన బాగ్దాద్ నిజామియా మద్రసాలో పెద్ద ఉస్తాద్. ఇజ్జత్, దౌలత్, దర్బారులో పలుకుబడి, దేనికీ కమీ లేదు. అప్పుడు తన నియ్యత్‌ని తానే తరచి చూసుకున్నారు. తాను దర్స్ చెబుతున్నది అల్లాహ్ కోసం కాదు, పేరు కోసమని తేలింది. వదిలేయాలా, వద్దా అని ఆరు నెలల దాకా నలిగిపోయారు. చివరికి దర్స్ చెప్పడానికి నోరే పెగల్లేదు. ఇంటివాళ్లకు కావలసింది ఏర్పాటు చేసి, బాగ్దాద్ వదిలి వెళ్లారు. ఇదంతా ‘అల్ మున్కిజ్’లో ఆయనే రాసుకున్నారు. ఏళ్ల తర్వాత నీషాపూర్‌లో మళ్లీ దర్స్ మొదలుపెట్టారు. పని అదే, నియ్యత్ వేరు. లోకమంతా తారీఫ్ చేస్తున్న మనిషిలో ఆ గల్తీని ఇంకెవరు పట్టుకోగలరు? ఆయనకే సాధ్యం.

నాకు అంత పెద్ద సఫర్ అక్కర్లేదు. ఒక నోటుబుక్ కొన్నాను. రోజూ రాత్రి, ఆ రోజు ఇంట్లో ఎవరి మీద నోరు జారానో రాయడం మొదలుపెట్టాను. మొదటి వారం రాసింది చదువుకుంటే నవ్వొచ్చింది. ‘బేగం మీద అరిచాను, ఎందుకంటే ఖానా ఆలస్యం చేసింది.’ ‘బేటీని కసిరాను, ఎందుకంటే పుస్తకాలు చిందరవందరగా పడేసింది.’ అది హిసాబ్ కాదు, నాకు నేను చేసుకున్న వకాలత్. గల్తీ నాది, జమ వాళ్ల ఖాతాలో. ‘ఎందుకంటే’ నుంచి చివరిదాకా ప్రతి వాక్యాన్నీ కొట్టేశాను. ‘బేగం మీద అరిచాను’ అన్నంతవరకే మిగిలింది. చదవడం కష్టంగా ఉంది, కానీ అదే నిజం.

పదిహేను రోజులయ్యాక ఒక సంగతి తేలింది. పదకొండు సార్లు నోరు జారితే, అందులో తొమ్మిది నేను ఇంట్లో అడుగుపెట్టిన మొదటి అరగంటలోనివే. దుకాణం మూసే వేళకి సేఠ్ బాకీ కోసం ఫోన్ చేస్తాడు. అతన్ని ఏమీ అనలేను. ఆ బరువు మోసుకొచ్చి, తిరిగి ఏమీ అనలేని వాళ్ల మీద దించుతున్నాను. ‘గుస్సా తగ్గించుకోవాలి’ అని ఇరవై ఏళ్లుగా అనుకుంటున్నా మారనిది, ఆ అరగంట దొరికాక కాస్త కదిలింది. ఇప్పుడు ఇంటి ముందు బండి ఆపి ఐదు నిమిషాలు ఊరికే కూర్చుంటాను. వుజూ చేసుకుని, ఖానా అయ్యేదాకా ఫోన్ ముట్టను.

ఇంకో పని మిగిలింది. హుఖూఖుల్ ఇబాద్ విషయంలో ముసల్లా మీద తౌబా చేస్తే చాలదు, హఖ్ పోగొట్టుకున్న మనిషి దగ్గరికి వెళ్లాలి. పిల్లల్ని మాఫీ అడిగితే రోబ్ పోతుందని మన ఇళ్లలో ఒక భయం. నాకూ ఉండింది. ‘బేటీ, మొన్న చుట్టాల ముందు నీ మీద అరిచాను. గల్తీ నాది, మాఫ్ కర్నా’ అన్నాను. అది తెల్లబోయి వాళ్ల అమ్మీ వైపు చూసింది. వెంటనే ఏమీ మారలేదు. నెల తర్వాత ఒక రాత్రి నేరుగా నా దగ్గరికే వచ్చి, ‘లెక్కల్లో ఫెయిలయ్యాను అబ్బా’ అంది. నాకు గుస్సా రాలేదని చెబితే అబద్ధం. కానీ ఎవరినీ అడక్కుండా వచ్చి చెప్పింది కదా, అది పోగొట్టుకోకూడదని నోరు మూసుకున్నాను.

ఇస్లాహ్ అనగానే మనకు బేగం, పిల్లలు, పక్కింటివాళ్లు గుర్తొస్తారు. ఫోన్‌లో వచ్చిన నసీహత్‌ని పదిమందికి పంపి, మన ఫర్జ్ తీరిందనుకుంటాం. ఎదుటివాళ్ల ఖాతాలు మనకు కంఠతా, మనది మాత్రం తెరిచి చూడం. అలాగని రోజూ తిట్టుకుంటూ మాయూస్ అయిపోమనీ నేను అనడం లేదు. హిసాబ్‌లో నష్టం ఒక్కటే రాయరు, నఫా కూడా రాస్తారు. ఓర్చుకున్న రోజు అదీ రాసుకోండి, షుకర్ చేయండి.

ఈ రాత్రి ఇషా తర్వాత ఒక్క వాక్యం రాయండి. ఎవరిని, ఏమన్నారు, ఎప్పుడు. ‘ఎందుకంటే’ అని చేయి కదిలితే, అక్కడే కలం ఆపేయండి.